ప్రతాప్ ఎంపిక చిట్కాలు

"ఆర్నెల్లుగా ఖాళీగా ఉన్నావు. అంటే నీలోనే ఏదో లోపముంది," అన్నాడు ప్రతాప్.

"లోపం నాలో లేదు సార్. హైదరాబాదులో మా కంపెనీనే మూసేసినారు," అన్నాడు శివ. బండి ఆత్మకూరు నుంచి ఇస్త్రీ చొక్కా నలగకుండా బస్సులో నిలబడి వచ్చినవాడు.

"అందరూ ఇదే చెప్తారు. సరే, మీ వివరాలు మా దగ్గర ఉంటాయి. అవసరమైతే మేమే ఫోన్ చేస్తాం."

ఆ మాటకు అర్థమేమిటో 2009లో నంద్యాలలో పసిపిల్లలకు కూడా తెలుసు. శివ ఫైలు చంకన పెట్టుకొని మెట్లు దిగిపోయాడు.

ప్రతాప్‌ది బస్టాండు ఎదురుగా మేడ మీద ఒకే గది. కంపెనీలకు మనుషుల్ని వెతికిపెట్టడం పని. మాంద్యం పుణ్యమా అని ఇంటర్నెట్లో ఒక్క ప్రకటన పెడితే చాలు, దరఖాస్తులు వరదలా వచ్చి పడుతున్నాయి. వాటిని వడగట్టడానికి ఏదో వెబ్‌సైటులోంచి చిట్కాలు ప్రింటు తీసి గోడకు అంటించుకున్నాడు. ఖాళీగా ఉన్నవాణ్ణి తీసెయ్. వచ్చినవాణ్ణి కూర్చోబెట్టు, ఓర్పు తెలుస్తుంది. పాత జీతంలో సగం చెప్పు, అవసరం తెలుస్తుంది. ఆకలితో ఉన్నవాణ్ణి పరీక్షించడానికి కడుపు నిండినవాడెవడో రాసిన చిట్కాలవి. ప్రతాప్‌కు మాత్రం వేదం.

ఫోన్ మోగింది. విత్తనాల కంపెనీ యజమాని చెన్నకేశవులు.

"ఏందప్పా, మనిషి యాడ? డీలర్ల ఆర్డర్లు కంప్యూటర్లో ఎక్కించేటోడు లేక అన్నీ ఆగిపోయినాయి. ఐదుకల్లా పేరు చెప్పకపోతే ఈ ఏడాది పనంతా కర్నూలోళ్ళకే."

"చెప్తానన్నా. ఒక్క క్యాండిడేటు మిగిలింది. బంగారమంటిది."

ఆ కంపెనీ పోతే ప్రతాప్‌కు ఇంకో కంపెనీ లేదు. గది ఖాళీ చేసి ఇంట్లో కూర్చోవాల్సిందే. గోడ గడియారం నాలుగున్నర చూపిస్తోంది.

ఆ మిగిలిన క్యాండిడేటు నాగవేణి. ఆళ్ళగడ్డలో ఒక కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్తుంది. మధ్యాహ్నం నుంచి గోడవారన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చొని, శివకు జరిగిందంతా చూసింది.

"రామ్మా, ముందుకు జరుగు. ఎందుకంతసేపు కూర్చోబెట్టినానో తెలుసా? ఓర్పు చూసేకి."

"మీ ఓర్పు ఎవరు చూస్తారు సార్?"

ప్రతాప్ నవ్వేశాడు. "ధైర్యముందే. నీ బలహీనత ఏందో చెప్పు."

"ఎదుటోళ్ళు చెప్పేది పూర్తిగా ఇంటాను సార్."

"అది బలహీనత ఎట్లయితాది?"

"ఈడ అట్లనే కనపడతాంది."

ప్రతాప్ గోడకేసి చూశాడు. ఇలాంటి జవాబుకు చిట్కా లేదు. తరవాతి ప్రశ్నకు పోయాడు. "పెళ్ళయిందా?"

"లేదు సార్. ఇంట్లో చూస్తాండారు."

"అయినాక పని మానేస్తే కంపెనీకి నష్టం."

"మీరైతే మీ ఇంట్లోవాళ్ళను మానేయమంటారా?"

"నేనైతే గడప దాటనీను. అది ఇల్లు. ఇది వ్యాపారం."

మళ్ళీ ఫోన్. ఈసారి ప్రతాప్ వాళ్ళమ్మ. ఆమె గొంతుకు స్పీకరు అక్కర్లేదు, గదంతా వినిపించింది.

"నాయనా, సంచిలో పిల్ల ఫోటో పెట్టినా, చూసినావా? రేపే పోవాల. పేరన్నా విను..."

"పనిలో ఉండా మా. ఫోటో ఎందుకు, రేపు ఒక్క చూపులో తేల్చేస్తా. పిల్ల యాడికి పోతుంది, కూర్చోనుంటుంది." టక్కున పెట్టేశాడు.

"ఫోటో ఒకటి చూసేకి ఎంతసేపు సార్?" అంది నాగవేణి.

"నీకెందుకమ్మా ఆ గొడవ. నువ్వు సెలెక్ట్. రేపట్నుంచే పని. జీతం మాత్రం ఇప్పుడొచ్చేదాంట్లో సగం. మాంద్యం కదా."

"నాకొద్దు సార్."

"ఏందీ?"

"నాకు ఉద్యోగముంది. ఆ శివన్నను తీసుకోండి. మీరు మా ఓర్పు చూస్తాన్నంతసేపు మేం మాట్లాడుకుంటిమి. హైదరాబాదులో ఆయప్ప చేసింది ఇట్లాంటి ఆర్డర్ల పనే. కింద టీ బంకు కాడ ఉండాడు చూడండి, బస్సు ఇంగా రాలేదు."

"ఆర్నెల్లు ఖాళీగా ఉన్నోణ్ణి..."

"గడియారం కూడా చూడండి."

ముల్లు ఐదుకు దగ్గర పడింది. ప్రతాప్ కిటికీలోంచి సగం బయటికి వంగి బస్టాండంతా తల తిప్పేలా అరిచాడు. "శివప్పా, పైకి రా నాయనా."

శివ టీ గ్లాసు కింద పెట్టాడు. మెట్లు ఎక్కుతూ ఎక్కుతూ సగంలో ఆగాడు.

"జీతమెంత సార్?"

"సగ..."

నాగవేణి గొంతు సవరించుకుంది.

"పూర్తిగా ఇప్పిస్తాలేప్పా, ముందు తొందరగా రా."

చెన్నకేశవులుకు పేరు చెప్పాడు. "సరే, పొద్దున్నే పంపు," అని అటువైపు నుంచి వినపడగానే కుర్చీలో కూలబడి చెమట తుడుచుకున్నాడు. శివ పళ్ళన్నీ కనపడేలా నవ్వుతున్నాడు. ఆ నవ్వు చూసి ప్రతాప్‌కు కూడా నవ్వొచ్చింది. నాగవేణి సంచి భుజాన తగిలించుకొని లేచింది.

"అది సరే గానీ, ఉద్యోగమే వద్దన్నప్పుడు దరఖాస్తు ఎందుకు పెట్టినావు? ఇంత దూరం ఎందుకొచ్చినావు?" అన్నాడు ప్రతాప్.

ఆమె గుమ్మం దగ్గర ఆగి తిరిగింది.

"రేపు మీరు నన్ను చూసేకి మా ఇంటికి వస్తాండారంట కదా, ముందు నేనే చూసిపోదామని వచ్చినా. ఇంగ మీరు రావద్దులెండి. మీ వివరాలు మా దగ్గర ఉంటాయి, అవసరమైతే మేమే ఫోన్ చేస్తాం."