రెండు గళ్లు

“పరీక్షలు నెత్తిమీదున్నయి, మీరేమో పిల్లలతోని గళ్ల నుడికట్లు ఆడిపిస్తున్నరు!” ఊర్మిళ కూతురి కాగితాన్ని తెలుగు టీచర్ సబీహా ముందు విసిరికొట్టింది. మెట్టుగూడ బడిలో ఆ తరగతంతా తలెత్తి చూసింది.

“ఆడుకుంటనే మాటలొస్తయి మేడమ్. ఆధారాలు పిల్లలే సొంతంగ రాసిన్రు.”

“ఏం రాసిన్రు? ‘ఇంట్ల నన్ను పిలిచే పేరు’ అట! హిమజ అని రాయాలంటే మూడు గళ్లు గావాలె. రెండే ఉన్నయి. గిదేనా మీరు నేర్పేది?”

సబీహా గొంతు కూడా లేచింది. “ఆ గళ్లు గీసింది నేను కాదు, మీ బిడ్డనే!”

ఊర్మిళ గిర్రున కూతురి వైపు తిరిగింది. “నీ పేరుకు ఎన్ని గళ్లు గావాల్నో సుత తెల్వదానే, మొద్దూ!”

హిమజ కాగితం దగ్గరికి లాక్కుని, అమ్మ నోట వచ్చిన ఆ చివరి మాటతోనే పెన్సిల్‌తో ఆ రెండు గళ్లూ నింపింది.

“సరిపోయింది టీచర్,” అంది.