కుర్చీ వద్దన్న మనిషి

కెదిబోనె తన ఇంటి నుంచి తెచ్చిన రెండో కుర్చీని ఎత్తి, ఖోట్లా ద్వారం దగ్గర నేల మీద కూర్చున్న ముసలాయన ముందు పెట్టింది.

“ఇందులో కూర్చోండి పెద్దాయనా. నేల కాలిపోతోంది.”

“వద్దమ్మా. ఈ ఖోట్లాలో నాకు కుర్చీ లేదు.”

“ఇది మా ఇంటి కుర్చీ.”

“మీ ఇంటిదైతే అసలే వద్దు,” అని నవ్వాడు.

ఊరు సభ చేరే ఆ ఆవరణలోకి ఎవరి కుర్చీ వాళ్లే మోసుకొస్తారు. తెచ్చుకోలేదంటే ఏ దూరపు పశువుల దొడ్డి నుంచో వచ్చినవాడై ఉంటాడని అనుకుంది. బయట గాడిదల బండి ఆగి ఉంది.

ఆ రోజు ఆమె దిగులు వేరు.

రెండేళ్లుగా వానలు లేవు. పశువులు చస్తున్నాయి. వానల కోసం చేసే ప్రార్థనను ఊరిపెద్దే మొదలుపెట్టాలి. మొన్నటిదాకా ఆమె తండ్రి మొదలుపెట్టేవాడు. ఆయన పోయాక పదవి ఆమెకు వచ్చింది.

నమ్మకం మాత్రం రాలేదు. ఫ్రాన్సిస్‌టౌన్ ఆస్పత్రిలో నర్సుగా చేసిన ఏళ్లలో ఎప్పుడో అది పోయింది. ఏ రోజు పోయిందంటే ఆమే చెప్పలేదు.

పొద్దున్నే బాబాయి మోకొటేది వచ్చి వెళ్లాడు.

“ఉందో లేదో నీ గుండె కోసి చూస్తారా ఎవరైనా? కళ్లు మూసుకుని నాలుగు ముక్కలు చెప్పెయ్.”

“అది అబద్ధం బాబాయ్.”

“మొండితనంలో అచ్చం మీ నాన్నవే. నువ్వు చెయ్యకపోతే సాయంత్రానికి నీ పదవి మా వాడికి ఇమ్మంటారు. వాడికి ఆవుకీ ఎద్దుకీ తేడా తెలీదు. ఊరేమైపోవాలి?”

ఆ మాటే ఆమె చెవిలో ఇంకా మోగుతోంది.

“ప్రార్థన చెయ్యనన్నావట,” అన్నాడు ముసలాయన.

“మీ దాకా వచ్చిందా?”

“మా గాడిదలకి కూడా తెలుసు.”

“వాటికెవరు చెప్పారు?”

“నేనే. అక్కడ వినేవాళ్లు ఇంకెవరున్నారు?”

ఆమెకు నవ్వొచ్చింది. పొద్దుట్నుంచి అదే మొదటిసారి.

“నమ్మకం లేకుండా కళ్లు మూసుకోవడం నావల్ల కాదు పెద్దాయనా.”

“మూసుకోకు. ఎవరు మూసుకోమన్నారు?”

“మరి వీళ్లంతా?”

“వాళ్లని మూసుకోనీ. అడ్డం పడకు. ఇంతమంది కళ్లు మూసుకున్నప్పుడు ఎవరో ఒకరు కాపలా ఉండాలి కదమ్మా. ఊరిపెద్దకి అంతకంటే పనేముంది?”

లోపలి నుంచి మోకొటేది దగ్గాడు. వేళయిందని అర్థం.

కెదిబోనె మధ్యలోకి వెళ్లి నిలబడింది. కలహారి ఎడారి గాలికి ఆమె తలగుడ్డ అంచు కొట్టుకుంటోంది.

“నా దగ్గర ప్రార్థన లేదు,” అంది. “ఉన్నట్టు నటించను. ఉన్నవాళ్లు చెయ్యండి. మీరు కళ్లు తెరిచేదాకా నేను ఇక్కడే నిలబడి ఉంటాను.”

ఎవరూ కదల్లేదు.

“చెయ్యలేనప్పుడు దిగిపోవచ్చుగా!” అన్నారెవరో వెనక నుంచి.

“మీ నాన్నే ఉంటేనా...” అంది ఒకామె.

మోకొటేది తన బూట్ల వంక చూస్తున్నాడు.

అప్పుడు ద్వారం దగ్గర ముసలాయన లేచాడు. లేవడానికి చాలాసేపు పట్టింది. టోపీ తీసి, తల వంచాడు.

ముందు వరసలోని ముసలివాళ్లు మెడలు తిప్పి అతని వైపే చూశారు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత ఒక్కొక్కరే లేచి టోపీలు తీశారు. ఒక ముసలామె సన్నగా ప్రార్థన ఎత్తుకుంది. ఖోట్లా అంతా తలలు వంచింది.

కెదిబోనె కళ్లు తెరుచుకుని కాపలా కాసింది. ఏడుస్తున్న ఒక పిల్లను తల్లి ఒళ్లోంచి ఎత్తుకుని భుజాన వేసుకుంది.

ఆ తలల మీదుగా చూస్తే, ద్వారం దగ్గర ముసలాయన కళ్లు కూడా తెరుచుకునే ఉన్నాయి. నేలను చూస్తున్నాయి.

ప్రార్థన ముగిసింది. వాన రావాలని అందరూ “పులా!” అని అరిచారు. రెండోసారి, ఊరిపెద్దకి జేజేలు కొట్టినట్టు, ఆమె వైపు తిరిగి అరిచారు.

“నీ పదవికి ఇక ఢోకా లేదులే,” అన్నాడు మోకొటేది దగ్గరికొచ్చి. “మా వాడు బతికిపోయాడు.”

ఆమె వినలేదు. పిల్లను తల్లికిచ్చి, కుర్చీ పట్టుకుని ద్వారం దగ్గరికి వెళ్లింది. ముసలాయన లేడు. బండి లేదు. దారి మీద దుమ్ము ఇంకా అణగలేదు.

“ఎవరు బాబాయ్ ఆయన? ఎంత చెప్పినా కుర్చీ తీసుకోలేదు.”

మోకొటేది ఇంకా టోపీ పెట్టుకోలేదు. చేతుల్లోనే తిప్పుతున్నాడు.

“ఎలా తీసుకుంటాడు? వాడి పేరు మోసిన్యి. నువ్వు పాకుతున్న రోజుల్లో, ఇదే ప్రార్థనకి, నమ్మనిదానికి తల వంచనన్నాడని మీ నాన్న వాడి కుర్చీని ఈ ద్వారంలోంచే బయటికి విసిరేయించాడు.”