రాగి పట్టీ

తెర మీద గీత మళ్లీ వణికింది.

సాధన గడియారం చూసింది. సాయంత్రం కర్మన్‌ఘాట్ నుంచి డాక్టర్ ఇంద్రాణి వస్తుంది. గుండె కొట్టుకోవడాన్ని గీతగా చూపే ఈ చిన్న మిషన్ ఆమెకు నచ్చకపోతే, దిల్‌సుఖ్‌నగర్‌లోని ఈ ఒంటి గది ఆఫీసు మూతపడుతుంది.

భాగస్వామి ప్రసన్నకుమార్ ఒంటికి వైర్లు అంటించుకుని పొద్దుటి నుంచీ బల్ల మీదే ఉన్నాడు.

"నా గుండె బాగానే ఉందంటావా?"

"నీ గుండెకేం కాలే. మిషన్ల ఉన్న బోర్డే ఆగం చేస్తున్నది."

భూతద్దంలో చివరికి తప్పు దొరికింది. బోర్డు అడుగున గ్రౌండ్ కోసం, అంటే కరెంటు తిరిగి వెళ్లడానికి, పరిచిన రాగి పొర రెండు ముక్కలుగా ఉంది. ఒక సిగ్నల్ తీగ ఆ చీలిక మీదుగా దాటుతోంది. అలా దాటిన కరెంటు తిరిగి రావడానికి కింద దారి లేదు. ఎటెటో చుట్టి వస్తూ గీతను వణికించే రొద పుట్టిస్తోంది.

సాధన సరిగ్గా ఆ తీగ కిందే, చీలికకు అడ్డంగా సన్నటి రాగి పట్టీ అతికించింది.

ఈసారి ప్రసన్న గుండె గీత శుభ్రంగా వచ్చింది. ఇంకో మనిషి మీద కూడా చూద్దామన్నాడు అతను.

మెట్ల మీద ఒక పెద్దాయన ఆయాసపడుతూ కూర్చున్నాడు. టులెట్ బోర్డు చూసి గది కోసం ఎక్కి వచ్చాడట. మంచినీళ్లిచ్చి, కాసేపు బల్ల మీద పడుకోమని బతిమాలారు.

"జర జల్ది చెయ్యి బిడ్డా. ఎల్బీ నగర్ల అబ్దుల్లాపూర్‌మెట్ బస్సు పట్టుకోవాలె."

వైర్లు అంటించగానే తెర మీద గీత నాలుగడుగులు సరిగా నడిచింది. గెంతింది. ఆగింది. మళ్లీ నడిచింది.

పట్టీ పనిచెయ్యలేదేమో అనుకుంది సాధన.

"కదలకుండ ఉండు పెద్దాయనా," కసిరింది.

"నేనేడ కదిలిన బిడ్డా?"

ముసలాయనకి చేతులు వణుకుతున్నాయిలే, వదిలెయ్యమన్నాడు ప్రసన్న. పంపేశారు. పేరైనా అడగలేదు.

ఆయన మెట్లు దిగుతుండగానే ఇంద్రాణి ఎక్కి వచ్చింది. పట్టీ సంగతి విని, వైర్లు తనకే పెట్టించుకుంది. గీత ఎక్కడా వణకలేదు. మిషన్లు తీసుకుంటానంది.

సాధన కళ్లు మూసుకుని దేవుడికి స్తోత్రం చెప్పుకుంది.

ఇంద్రాణి పాత గీతలు వెనక్కి జరుపుతూ ఒకచోట ఆగిపోయింది.

"ఇది పట్టీ వెయ్యక ముందుదా, తర్వాతదా?"

"తర్వాతదే మేడం. ఇందాక వచ్చిన పెద్దాయన కదిలిండు."

"కదిలితే గీతంతా చెదిరిపోతుందమ్మా. సరిగ్గా చూడు."

సాధన చూసింది. గెంతుకీ గెంతుకీ మధ్య గీత అద్దంలా ఉంది. రొద జాడే లేదు.

"గెంతింది ఆయన గుండె. వెనక్కి పిలవండి," అంది ఇంద్రాణి.

సాధన స్కూటీ తీసింది. ఎల్బీ నగర్‌లో బస్సు బస్సుకీ పరుగెత్తి కిటికీల్లో ముఖాలు వెతికింది. ఏమని కేక వెయ్యాలో తెలియలేదు.

అబ్దుల్లాపూర్‌మెట్ బస్సు ఇప్పుడే పోయిందన్నాడు పక్క బస్సు కండక్టర్.

తమ మిషన్ కనిపెట్టిన మొట్టమొదటి రోగిని, కదలొద్దని కసిరి పంపించింది తనే.