బల్ల మీద పసుపు

శుక్రవారం పొద్దున తోటలోని చెక్క బల్లకు పసుపు పూసి ఉంది.

పసుపు మీద కుంకుమ బొట్లు. పక్కన ఒక బంతిపువ్వు.

స్వాతి పాలగ్లాసుతో అక్కడే ఆగిపోయింది.

ఆమెకు ఐదో నెల. అంతకుముందు రెండుసార్లు కడుపు నిలవలేదు. ఈసారి డాక్టర్ మెట్లు కూడా ఎక్కొద్దంది. ఖాజాగూడ గుట్టల పక్కనున్న ఈ విల్లాలో కింది గదిలోనే పడక, అక్కడి నుంచే ఆఫీసు పని. ఊపిరాడనట్టుంటే ఈ తోట.

తోటను భర్త సాయిచంద్ ఆమె కోసమే చేయించాడు. పడగొట్టిన పాత ఇళ్ల టేకు తెప్పించి దూలాలతో పందిరి, పలకలతో నడకదారి వేయించాడు. ఒక బరువైన దుంగను రెండు రాతి దిమ్మల మీద నిలిపి బల్ల చేయించాడు. ముందువైపు పద్మం చెక్కి ఉన్న ఆ బల్ల అంటే స్వాతికి ఇష్టం. రోజూ ఎండ ముదిరేదాకా దానిమీద కూర్చుని లోపలి బిడ్డతో మాట్లాడుకునేది.

సాయిచంద్ మొదట నవ్వాడు. పిల్లలెవరో ఆడుకుని ఉంటారన్నాడు. తర్వాత నీళ్ల పైపు లాక్కొచ్చి తనే కడిగాడు. కడుగుతున్నంతసేపూ బల్లకు చెయ్యి తగలకుండా జాగ్రత్తపడటం స్వాతి చూసింది.

మరుసటి శుక్రవారం మళ్లీ పసుపు.

చేతబడి అనే మాట ఇద్దరిలో ఎవరూ పైకి అనలేదు. అనకపోవడం వల్లే అది ఇల్లంతా తిరిగింది. స్వాతి అన్నం కలుపుతూ ఆగిపోయేది. కడుపులో కదలిక లేదనిపించి, మీటింగ్ మధ్యలో మైకు ఆపేసి, పొట్ట మీద చెయ్యి పెట్టుకుని కూర్చునేది.

సాయిచంద్ తోటలో కెమెరా పెట్టించాడు. అందులో మనిషి దొరికింది.

ఈరమ్మ. విల్లాల మధ్య దారులు ఊడ్చే పనామె.

పిలిపించారు. చీపురు గోడకు ఆనించి, కొంగు సర్దుకుని వచ్చి నిలబడింది.

"నువ్వేనా పెట్టింది?" అని అడిగాడు సాయిచంద్.

"నేనే సారూ."

"ఎందుకు?"

"మంచికే."

"ఏం మంచి?"

ఈరమ్మ స్వాతి కడుపు వైపు చూసింది. ఏదో చెప్పబోయింది. చెప్పకుండానే తల దించుకుంది.

స్వాతి రెండు చేతులూ పొట్టకు అడ్డం పెట్టుకుంది.

"ఈమె ఇంక ఇక్కడ కనిపించకూడదు" అంది భర్తతో.

సూపర్‌వైజర్ వచ్చి గద్దించాడు. పోలీసులకు పట్టిస్తానన్నాడు. సాయంత్రానికి ఆమె గేటు పాసు తీసేసుకుని పంపేశారు.

ఆ రాత్రి స్వాతికి చాన్నాళ్ల తర్వాత మంచి నిద్ర పట్టింది. భయానికి ఒక ముఖం దొరికింది. ఆ ముఖం గేటు దాటి వెళ్లిపోయింది.

ఆమె ఏమైందని స్వాతి ఎవరినీ అడగలేదు.

నెలలు నిండి ఆడపిల్ల పుట్టింది.

పురిటి స్నానం అయ్యాక ఒక పొద్దున పాపను ఎత్తుకుని స్వాతి బల్ల మీద కూర్చుంది. దారి ఊడుస్తున్న స్వప్న పాపను చూడటానికి దగ్గరికి వచ్చింది. ఆమెదీ ఈరమ్మ ఉన్న బస్తీనే. పాప బుగ్గ తాకి, కాసేపు తటపటాయించింది.

"మేడమ్, ఇగ చెప్తే ఏం కాదు. మీరు కూసున్నది గడప."

స్వాతికి అర్థం కాలేదు.

స్వప్న వంగి, బల్ల రెండు చివర్లా చెక్కముక్కలతో పూడ్చిన గుంతలు చూపించింది. అవి ద్వారబంధం నిలబెట్టే గుంతలట. ఏదో పెద్దింటి దర్వాజ కింది చెక్క అది. కడుపుతో ఉన్న మనిషి గడప మీద కూర్చుంటే కీడని తమ ఊళ్లలో అంటారట. తెలియక కూర్చుంటోంది, తప్పు పట్టకమ్మా అని ఈరమ్మ ప్రతి శుక్రవారం ఆ గడపకు పసుపు రాసి మొక్కేదట.

స్వాతి లేచి నిలబడింది.

"ఎక్కడుందామె?"

స్వప్న తెలియదంది. మంత్రాలు చేస్తుందన్న మాట ఈరమ్మ కంటే ముందే బస్తీకి చేరింది. కిరాయి ఇంటాయన సామాను బయట పెట్టించాడు. చుట్టుపక్కల ఏ గేటులోనూ పని దొరకలేదు. ఎటు పోయిందో, ఫోన్ కూడా కలవడం లేదు.

"ఆ రోజు అడిగాం కదా. ఈ ఒక్క ముక్క చెప్తే సరిపోయేది."

"చెప్పు అని నేను గూడ అన్న మేడమ్" అంది స్వప్న. "కడుపుతోనున్న బిడ్డకు గసుంటి మాట చెప్తే జడుసుకుంటది, నా నౌకరీ పోతే పోనియ్ అన్నది."