పెన్సిల్ దిద్దిన యుద్ధం

"ఎవరండీ, పుస్తకాన్ని ఇలా పాడుచేసింది?"

పద్మకుమారి గొంతు విని పాతపేపర్ల కొట్టు నాగబాబు తూకం ఆపేశాడు.

ఆమె చేతిలో 'సరిహద్దు గాథ' పద్దెనిమిదో సంచిక ఉంది. సరిహద్దు యుద్ధాల చరిత్ర కోసమే మూడు నెలలకోసారి వచ్చి, ఎప్పుడో ఆగిపోయిన పత్రిక. మొత్తం ముప్ఫై రెండు సంచికలు. తొమ్మిదేళ్ళుగా విజయనగరంలో పాతపుస్తకాల కొట్లన్నీ గాలించి ముప్ఫై పోగేసింది. మిగిలిన రెండూ, పద్దెనిమిదీ పంతొమ్మిదీ, ఇవాళ దొరికాయి.

దొరికాయి గాని, అంచుల నిండా పెన్సిల్ రాతలు.

"నానే తల్లీ," అన్నాడు మూల స్టూలు మీద కూర్చున్న ముసలాయన.

"రాసుకోడానికి వేరే కాయితం దొరకలేదా?"

"తప్పులున్నాయి. తప్పు పక్కనే దిద్దాల గదా."

"ఇవి రాసినవాళ్ళు పెద్ద పెద్ద ఆఫీసర్లు. వాళ్ళని దిద్దేస్తారా మీరు?"

"ఆఫీసర్లయితే ఏటి? తప్పు తప్పే."

నాగబాబు నవ్వాడు. "ఎల్లాజీ మావ నరసన్నపేట కాడ పెళ్ళిళ్ళకి వంటలు సేసీవోడు మేడం. ఆ సెయ్యి సూడండి, రెండు వేళ్ళూ కత్తిపీటే మింగేసినాది."

ముసలాయన కుడిచెయ్యి ఒళ్ళో ఉంది. మూడే వేళ్ళు. ఔననీ అనలేదు, కాదనీ అనలేదు.

పద్మకుమారి ఉండబట్టలేక అనేసింది. "వంటలు చేసుకునే మనిషికి యుద్ధాల్తో పనేమిటండీ?"

ఆయన తలెత్తాడు. "ఆ మాట నిన్నెవులూ అన్నేదా తల్లీ?"

ఆ పొద్దున్నే అన్నాడు భర్త హరిబాబు. 'వంటింట్లో కూర మాడిపోతంటే యుద్ధాలేటే నీకు?' అని. 'నా ఇష్టం' అని గిన్నె ఠక్కున దించి మరీ వచ్చింది.

"ఊరికినే తీసుకో," అన్నాడు ఎల్లాజీ. "కళ్ళు అవుపడ్డం నేదు, ఇంక నాను సదవలేను. ఒక్కటే. ఆ రాతలు సెరపకు."

"సరే," అంది. ముందు పుస్తకాలు చేతికి రావాలిగా.

శనివారం లైబ్రరీలో ప్రదర్శన. సంచికలన్నీ అద్దాల బల్లలో పెడతామన్నారు. ఆమె దగ్గరున్న ముప్ఫైలో ఒక్క గీత లేదు, ఒక్క మడత లేదు. హరిబాబు స్నేహితులంతా వచ్చి చూడాలి, చూసి నోళ్ళు మూసుకోవాలి. వాటి మధ్య ఈ పిచ్చిరాతలా?

ఇంటికి రాగానే రబ్బరు తీసింది.

ముందు పద్దెనిమిదో సంచిక తెరిచింది. రెండింటిలోనూ ఒకే పోరాటం. అరవై రెండు చైనా యుద్ధంలో, మంచుకొండ మీద మన సైన్యం కాపలా పోస్టు ఒకటి శత్రువుల చేతికి చిక్కిన కథ. 'పోస్టులో పన్నెండు మంది. ఒక్కరూ మిగల్లేదు' అని అచ్చులో ఉంది. 'పన్నెండు' కనబడిన చోటల్లా పక్కన పెన్సిల్‌తో 'పదమూడు'. ఏడు చోట్ల.

ఏడూ చెరిపింది.

'ఆఖరి పూట జవాన్లు రొట్టెలు తిన్నారు' అన్నచోట, 'రొట్టెలు కావు. పిండి అయిపోయినాది. గంజి తాగేరు. సుబేదారు తన గంజి జొరమొచ్చినోడికి పోసేసినాడు' అని ఉంది.

వంటాయన కదా, ధ్యాసంతా గంజి మీదే, అని నవ్వుకుంది. చెరిపింది.

ఇంకో పేజీ అడుగున, ఎవరెవరు ఏ బండ పక్కన పడిపోయారో పేర్లతో సహా చీమల్లాంటి అక్షరాలు. వాటిని చెరపడానికే ఎక్కువసేపు పట్టింది.

పద్దెనిమిదో సంచిక తెల్లగా అయింది.

గురువారం అట్టలకి కవర్ల కోసం కొట్టుకి వెళ్ళింది.

"ఎల్లాజీ మావ మొన్న పోయేడు మేడం," అన్నాడు నాగబాబు. "ముందు రోజు కూడా ఫోన్‌లో అడిగేడు. ఆ తల్లి సెరపనేదు గదా అని."

"మీరేమన్నారు?"

"సదువుకున్నమ్మ. మాటిచ్చింది, ఎందుకు సెరుపుద్ది అన్నాను."

ఆమె కవర్లు మర్చిపోయి ఇంటికొచ్చేసింది.

ఇంకా రబ్బరు తగలని పంతొమ్మిదో సంచిక తీసింది. పేజీలు తిప్పింది. ఆఖరి పేజీలో ఫొటో. గుడారం ముందు జవాన్లు. కింద పన్నెండు పేర్లు.

మనుషుల్ని లెక్కపెట్టింది. మళ్ళీ లెక్కపెట్టింది.

పదమూడు.

పొయ్యి దగ్గర నూనూగు మీసాల వంటవాడు నవ్వుతున్నాడు. గరిటె పట్టుకున్న కుడిచేతికి అయిదు వేళ్ళూ ఉన్నాయి. అతని వైపు పెన్సిల్‌తో ఓ బాణం, దాని పక్కన ఏదో రాత. అది చదివి పద్మకుమారి లేచింది. రబ్బరుని కిటికీలోంచి విసిరేసింది. పెన్సిల్ తీసి, తెల్లబడ్డ పద్దెనిమిదో సంచికలో ఏడుచోట్లా 'పదమూడు' అని రాసింది. గంజి సంగతి గుర్తున్నంతా రాసింది. బండల పక్కన పేర్లు మాత్రం, పేజీని కిటికీ వెలుగులో ఎటు వంచినా కనబడలేదు.

హరిబాబు తొంగిచూశాడు. "ఏటే, చెరిపింది మళ్ళీ రాస్తన్నావా? ఈ మురికి అందరి ముందూ పెడతావా?"

"పెడతాను. ఈ ఫొటో పేజీయే తెరిచి పెడతాను."

"నవ్వుతారు."

"నవ్వనీండి. పద్దెనిమిదో దాంట్లో పేర్లు ఎవరు చెరిపేశారని అడిగితే, నేనేనని అదీ చెబుతాను."

"అంత ఏటుందే ఇందులో?" హరిబాబు కళ్ళజోడు సవరించుకుని, వంగి, బాణం పక్కన ఉన్నది పైకే చదివాడు: "ఈడు ఎల్లాజీ, వంటోడని పేరెయ్యనేదు, పన్నెండు మందినీ సేతుల్తోనే మంచులో కప్పెట్టి, రెండు వేళ్ళు అక్కడే ఒగ్గేసి, ఒక్కడే కిందకి దిగొచ్చేడు."