పలకలో రెండో సగం

"ఆ నడుముపట్టీలో ఏం దాచావు మామా?"

సెయ్ఫీ మేస్త్రీ అడిగేసరికి ముసలాయన చెయ్యి గబుక్కున నడుము మీదికి పోయింది.

"ప్రొఫెసరమ్మ వస్తే ఆమెకే చూపిస్తా బాబూ."

"ఆమె ఊళ్లో లేదు. నేనున్నానుగా!"

పనివాళ్లు టీ గ్లాసులతోనే చుట్టూ మూగారు.

మూడు వేల ఏళ్ల నాటి హిట్టైట్ల నగరం తవ్వే చోటికి ఈ ముసలాయన వచ్చి పన్నెండు రోజులైంది. ఏ ఊరంటే "దూరం" అంటాడు. ఎడమ కనుబొమ మీద పాత గాటు. నలభై ఏళ్ల కిందట తవ్వి పారబోసిన మట్టికుప్ప పక్కన కూర్చుని, ఆ మట్టినే వేళ్లతో కెలుకుతుంటాడు. ఆ రోజుల్లో మట్టిని జల్లెడ పట్టేవాళ్లు కాదు.

మతి తప్పినవాడనుకున్నాడు సెయ్ఫీ. అయినా రోజూ తన రొట్టెలో సగం తుంచి పెట్టాడు, మజ్జిగ పోశాడు. తండ్రి పోయాక తనతో అంత ఆప్యాయంగా మాట్లాడినవాడు మరొకడు లేడు.

పట్టీ లాగితే అరచేతంత మట్టిపలక ముక్క బయటపడింది. నిండా మేకుల్లాంటి రాత.

"నా రొట్టె తిని నాకే కన్నం వేస్తావా?"

"దొంగతనం కాదయ్యా! ఇప్పుడే దొరికింది. ఎవరికి దొరికితే వాళ్ల పేరు పుస్తకంలో రాస్తారుగా. నా పేరు రాయిస్తే చాలు, ఇంకేమీ వద్దు."

"పోలీసులు రాసుకుంటారులే!"

అందరూ గొల్లున నవ్వారు.

"ఇలాంటి దొంగను పట్టించినందుకే మేస్త్రీ అయ్యాడు మా నాన్న ఇలియాస్. నా దగ్గరా నీ వేషాలు?"

ముసలాయన సెయ్ఫీ ముఖంలోకి చాలాసేపు చూశాడు.

"ఇలియాస్ కొడుకువా?" అన్నాడు మెల్లగా. "నీ రొట్టె మాత్రం కమ్మగా ఉండేది బాబూ."



పోలీసులకు అప్పగించడానికి మనసొప్పలేదు. సుంగుర్లు ఊరికి వెళ్లే మినీబస్సు ఎక్కించి, "మళ్లీ కనబడ్డావో, కాళ్లు విరగ్గొడతా" అన్నాడు సెయ్ఫీ. అన్నాడేగాని ఆ పూట ముద్ద దిగలేదు. నమ్మి మోసపోయానన్న మంట.

సాయంత్రం ప్రొఫెసర్ నెవిన్ వచ్చింది. ముక్క చూడగానే లోపలికి పరిగెత్తి పాత పెట్టెలోంచి ఓ సగం పలక తెచ్చి పక్కన పెట్టింది. రెండూ అతికినట్టు కలిశాయి. పలుగు దెబ్బ గుర్తు రెండు ముక్కల మీదా ఉంది.

"పలుగు తగిలి విరిగిందన్నమాట! ఈ సగం మట్టితోపాటు కుప్పలోకి పోయింది. ఇన్నేళ్లూ దొంగతనం జరిగిందనే అనుకున్నాం. ఎవరికి దొరికింది సెయ్ఫీ? పేరు చెప్పు, రాయాలి."



"పేరు... అడగలేదమ్మా. మామా అనేవాణ్ణి."

ఆమె మొదటి సగం దొరికినప్పటి తవ్వకాల పుస్తకం తెరిచి పైకే చదివింది.

"పలక సగం మాయం. మట్టి మోసే దుర్ముష్ దాన్ని నడుముపట్టీలో దాచడం కళ్లారా చూశానని పలుగు పట్టిన ఇలియాస్ ప్రమాణం చేశాడు. దుర్ముష్‌ను పనిలోంచి తీసేశాం. ఇలియాస్‌ను మేస్త్రీని చేశాం."

కిందనే అంటించిన పాత ఫొటోలో, ఎడమ కనుబొమ మీద గాటుతో పాతికేళ్ల దుర్ముష్ నవ్వుతున్నాడు. అతడి భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డది సెయ్ఫీ నాన్న.