ఖాళీగా ఉన్న ముందు బెంచీ

"వద్దు! నాతో మాట్లాడకండి!"

అంత గట్టిగా అరుస్తానని మోరీన్ కూడా అనుకోలేదు.

ఆక్లాండ్ కోర్టు తోటలో, భోజనాల వేళ, ఆమె పక్కన కూర్చోబోయిన ముసలాయన అలాగే ఆగిపోయాడు. చేతిలో కొబ్బరిపాలు పోసి కాల్చిన బన్ను. చంకలో ఎప్పటిలాగే చుట్టిన చాప.

"తినమ్మా. పొద్దుట్నుంచీ ముఖం పీక్కుపోయి ఉంది," అన్నాడు నెమ్మదిగా. "మనిద్దరిదీ ఒకే బస్సు కదా. రోజూ చూస్తూనే ఉన్నా."

మోరీన్ చప్పున లేచి నిలబడింది. తన బస్సు తెలుసు. అంటే ఇల్లూ తెలిసే ఉంటుంది.

ఆమె జూరీ మనిషి, తీర్పు తేల్చాల్సిన పన్నెండుగురిలో ఒకతె. కేసు నడిచినంత కాలం బయటివాళ్లతో పలకరింపు కూడా కూడదు. పైగా ఈయన రోజూ ముద్దాయి తల్లి పక్కనే కూర్చుంటాడు. ముద్దాయికి తండ్రో, మేనమామో అయ్యుంటాడు.

వెంటనే లోపలికి వెళ్లి కోర్టు ఉద్యోగితో చెప్పేసింది. వెనక్కి తిరిగి చూస్తే, ముసలాయన బన్నును కాగితంలో చుట్టి మళ్లీ సంచిలో పెట్టుకుంటున్నాడు.

ముద్దాయి పేరు సెఫో. సమోవా కుర్రాడు, ఇరవై నిండలేదు. సముద్రం అడుగున ఖనిజాలు తవ్వే కంపెనీ గోడౌనుకు ఒక తెల్లవారుజామున నిప్పు పెట్టాడు. 'మా సముద్రం జోలికి రాకండి' అని గోడ మీద రాశాడు. లోపల నిద్రపోతున్న కాపలాదారు ఎలియా ఆ మంటల్లో పోయాడు.

నిప్పు పెట్టింది తనేనని సెఫో మొదటి రోజే ఒప్పుకున్నాడు. లోపల మనిషున్నాడని తెలియదని వెక్కి వెక్కి ఏడ్చాడు. ఇక తేలాల్సింది ఒక్కటే. ఇది ఉగ్రవాదమా, కాదా? అవునంటే బతుకంతా జైలే. కాదంటే ఎప్పటికైనా తల్లి దగ్గరికి వస్తాడు.

జడ్జి విడమరిచి చెప్పాడు.

"రాజకీయ ఆశయం ఉన్నంత మాత్రాన ఉగ్రవాదం కాదు. నిరసన అయినంత మాత్రాన కాదు. జనాన్ని భయపెట్టాలన్న ఉద్దేశం ఉండి తీరాలి. అది రుజువైందో లేదో మీరే తేల్చాలి."

తోటలో అరిచిన సంగతి కూడా ఆయన దాకా వెళ్లింది. "దాన్ని మనసులోంచి తీసేయండి. అది సాక్ష్యం కాదు," అన్నాడు. మనసేమైనా చెత్తబుట్టా, చెప్పగానే ఖాళీ అవడానికి?

ముసలాయన మర్నాటి నుంచి కోర్టుకు రాలేదు.

జూరీ గదిలో తలుపులు మూశారు. అప్పటిదాకా కుర్రాడి వైపు నిలబడిన నలుగురిలో మోరీనే ముందుండేది.

"వాడు సముద్రం కోసం మొత్తుకున్నాడయ్యా. ఎవర్ని భయపెట్టాడు?" అని ఎన్నిసార్లు అడిగిందో.

జూరీ పెద్ద గ్రాంట్ ఇళ్ల బ్రోకరు. మాటకారి.

"ముందు బెంచీ చూశారా? ఎలియా వాళ్లకోసం ఉంచింది. ఒక్కరైనా వచ్చి కూర్చున్నారా? వాళ్లూ ఈ సెఫో వాళ్లూ ఒకే చర్చికి పోయేవాళ్లు. కన్నకొడుకు పోతే ఎందుకు రారండీ? భయం! వీళ్లంటే హడలు!"

మోరీన్ ఒప్పుకోనట్టు తల అడ్డంగా ఊపింది.

"సరే, మోరీన్ గారూ. తోటలో ఆ ముసలాయన మీ బస్సు సంగతి ఎత్తినప్పుడు మీకెలా ఉంది?"

"అది లెక్కలోకి తీసుకోకూడదన్నారు."

"తీసుకోవద్దు. ఎలా ఉందో చెప్పండి, అంతే."



"భయమేసింది," అంది మోరీన్.

"భయపెట్టడమంటే అదేనమ్మా. ఇంక చట్టం దేనికి?"

ఉగ్రవాదమేనని మోరీన్ చెయ్యెత్తింది. ఆమెను చూసి మిగతా ముగ్గురూ ఎత్తారు.

శిక్ష చెప్పే రోజున మోరీన్ రానవసరం లేదు. అయినా మనసొప్పక వచ్చి, ఆఖరి వరసలో కూర్చుంది. ముందు బెంచీ ఖాళీగానే ఉంది. ముసలాయన మాత్రం వచ్చాడు, మళ్లీ ముద్దాయి తల్లి పక్కనే. ఒళ్లో అదే చాప.

పక్కన కూర్చున్న సమోవా ఆవిడను మోరీన్ మెల్లగా అడిగింది.

"ఆ చాప ఎందుకండీ?"

"సెఫో వాళ్లమ్మ తల మీద కప్పుకున్న చాపమ్మా అది. కొడుకు చేసిన తప్పు తెలిసిన పొద్దున్నే, దాన్ని కప్పుకుని చచ్చిపోయినోడి ఇంటి గుమ్మం ముందు మోకాళ్ల మీద కూర్చుంది. తప్పయిపోయిందని ఒప్పుకోవాలంటే మాలో అంతే."

"తర్వాత?"

"ఆ ఇంటాయన బయటికొచ్చి చాప ఎత్తాలి. ఎత్తకపోతే అట్టా కూర్చోవాల్సిందే, కొట్టినా చంపినా సరే. ఎత్తితే క్షమించేసినట్టు. ఆ పూట నుంచి రెండిళ్లూ ఒకటే."

"మరి ఎత్తారా?"

"ఎత్తబట్టే కదమ్మా, చాప ఆయన దగ్గరుంది."

మోరీన్‌కు అర్థమయ్యీ కానట్టుంది. 

జడ్జి గొంతు సవరించుకున్నాడు. జూరీ ఉగ్రవాదమని తేల్చాక చట్టం తనకు ఒక్క శిక్షే మిగిల్చిందని, ఎవరేం చెప్పినా అది మారదని, అయినా ఆనవాయితీ ప్రకారం చనిపోయినవాడి ఇంటివాళ్ల మాట వింటానని అన్నాడు.

గుమాస్తా కాగితం చూసి పిలిచాడు.

"మృతుడు ఎలియా తండ్రి."

అందరి తలలూ ముందు బెంచీ వైపు తిరిగాయి. వెనకెక్కడో, సెఫో తల్లి చేతిలోంచి తన చెయ్యి మెల్లగా విడిపించుకుని, చంకలో చాప సర్దుకుంటూ, ముసలాయన లేచి నిలబడ్డాడు.